అయిదో ఆటలో తప్పులేమీ లేవు

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు దాటాక ఉన్న ఒక ఏసీ కల్యాణమండపాన్ని వారం రోజులకు మాట్లాడి, వధూవరులు కూర్చునే వేదిక మీద ఒక బల్లా రెండు కుర్చీలూ వేశారు. బంగారు రంగు సింహాసనాలను తరలించే వీలు లేక వెనక్కి నెట్టి తెల్లగుడ్డ కప్పారు. వాటి ముందు, దేశంలో మహిళల చదరంగంలో మొదటి పదిమందిలో ఉన్న ఇద్దరు రోజూ మధ్యాహ్నం రెండున్నరకు కూర్చుని, సాయంత్రం ఆరింటికో ఏడింటికో లేస్తున్నారు.

మహిళల ప్రపంచకప్పుకు మన దేశం నుంచి వెళ్ళవలసినవారిలో చివరి స్థానం ఒకటి తేలకుండా మిగిలింది. దానికి సమానమైన పాయింట్లతో ఇద్దరు నిలిచారు. ఒకరు తణుకు ఇందుజ, రెండోవారు కొల్లేటికోట వీరదుర్గ. ఇద్దరూ ఇటు ప్రాంతంవాళ్ళే కావడంతో, ఎక్కడో ఢిల్లీలోనో చెన్నైలోనో కాక గూడెంలోనే ఆరు ఆటల పోటీ పెట్టి తేల్చేయమన్నారు. గెలిచినవారు వెళతారు. ఓడినవారు రెండేళ్ళు ఆగాలి. వీరదుర్గకు ఇరవయ్యారేళ్ళు. పద్నాలుగేళ్ళ పిల్లలు వెనక నుంచి తరుముకొస్తున్న ఈ కాలంలో రెండేళ్ళు ఆగడమంటే వరుసలోంచి పక్కకు తప్పుకోవడమేనని, ఆమెకు శిక్షకుడైన నిత్యానందానికి బాగా తెలుసు.

నిత్యానందం ఏలూరు పవర్‌పేటలో ఉంటాడు. ఒక ఎయిడెడ్ కాలేజీలో ఇరవయ్యేళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పి, తనంతట తనే విరమించుకుని, పుస్తకాల మధ్యకు వెళ్ళిపోయాడు. ఆదివారం చర్చికి వెళ్ళడం మినహా గడప దాటే అలవాటు లేదు. పద్నాలుగేళ్ళ కిందట స్కూళ్ళ పోటీకి తీర్పరిగా పిలిస్తే మొహమాటపడి వెళ్ళాడు. అక్కడ కొల్లేటికోట బడి నుంచి వచ్చిన పన్నెండేళ్ళ పిల్ల, రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో మార్చి కోట కట్టుకోవచ్చన్న సంగతి కూడా తెలియకుండానే ఎనిమిదిమందిని వరసగా ఓడించింది. ఆ సాయంత్రం ఆయన ఆ పిల్లకు కోట కట్టడం నేర్పాడు. ఆ తరవాత నేర్పడం మానలేదు.

ఆయన పద్ధతి ఒకటుంది. ఆట ముగిసిన రోజున కంప్యూటర్ తెరవడు. పొడుగాటి నోటు పుస్తకంలో ప్రతి ఎత్తునూ పెన్సిల్‌తో రాసుకుని, తన బుర్రకు తోచిన వ్యాఖ్యానమంతా రాస్తాడు. మర్నాడు పొద్దున కంప్యూటర్లో చదరంగం ఇంజన్ పెట్టి, అది చెప్పినదాన్ని ఎర్రసిరాతో పక్కన చేరుస్తాడు. పెన్సిల్‌కూ ఎర్రసిరాకూ మధ్య తేడా ఎంతో, ఆ రోజుకు తన అజ్ఞానం అంత అని లెక్క. అలాంటి నోటు పుస్తకాలు ఇంట్లో నూట ముప్పయి దాకా ఉన్నాయి.

మొదటి మూడు ఆటలూ డ్రా అయ్యాయి. నాలుగోది వీరదుర్గ ఓడిపోయింది. ఇందుజ రెండున్నర, వీరదుర్గ ఒకటిన్నర.

ఆ సాయంత్రం లాడ్జి గదిలో నిత్యానందం పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు. యాభై ఆరు ఎత్తుల దాకా ఆయనకు కొత్తగా ఏమీ కనబడలేదు. యాభై ఏడో ఎత్తు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఆ వేళకు దుర్గకు రాజూ, ఒక ఏనుగూ, ఒక బంటూ మిగిలాయి. రాజు బల్ల అంచున చిక్కుకుంది. పక్క గడులన్నీ ఇందుజ పావుల దెబ్బ కింద ఉన్నాయి. బంటుకు ఎదురుగా ఇందుజ బంటు అడ్డం కూర్చుంది. కదలగలిగింది ఏనుగొక్కటే. ఆ ఏనుగును తీసుకెళ్ళి సరాసరి ఇందుజ రాజు పక్కన పెట్టి షా చెప్పవచ్చు. ఇందుజ ఆ ఏనుగును చంపితే దుర్గకు కదపడానికి ఇక ఏమీ ఉండదు. రాజుకు షా లేదు, ఎత్తూ లేదు. అంతర్జాతీయ నియమం ప్రకారం ఆట అక్కడికక్కడే డ్రా. చంపకపోతే ఆ ఏనుగు వెర్రెత్తినట్టు రాజు వెంట పడి షా మీద షా చెబుతూనే ఉంటుంది. అప్పుడూ డ్రానే. పోయిందనుకున్న ఆటలో అర పాయింటు చేతికందేంత దూరంలో ఉంది. దుర్గ ఆ ఎత్తు వేయలేదు. ఏనుగును వెనక్కి లాగి, మరో ఎనిమిది ఎత్తులు కాచుకుని, చెయ్యి చాపి ఓటమి ఒప్పుకుంది.

ఎనిమిదిన్నరకు ఇద్దరూ కింద మెస్సులో భోజనానికి కూర్చున్నారు.

"పప్పు బాగుందండీ మాస్టారూ," అంది దుర్గ.

"బాగుందమ్మా. గోంగూరలో కాస్త ఉప్పెక్కువైంది."

"అవునండీ. నిన్న సరిపోయింది."

"నిన్న వండినావిడ వేరేమో."

"అయ్యుంటుందండీ."

యాభై ఏడో ఎత్తు నిత్యానందం నాలుక చివరి దాకా వచ్చింది. ఇంజన్‌తో సరిచూడకుండా చెప్పడం పద్ధతి కాదనుకున్నాడు. ఓడిన రోజున చెప్పడం మర్యాద కూడా కాదనుకున్నాడు. పోయిన అవకాశం గురించి పోయిన రోజునే మాట్లాడడం గోరుచుట్టు మీద రోకటిపోటు. దుర్గ కూడా ఏదో చెప్పబోయినట్టు తలెత్తి, మజ్జిగ పోయించుకుని ఊరుకుంది.

"బాగా పోరాడావమ్మా," అన్నాడు లేచేటప్పుడు.

"ఎక్కడండీ," అని నవ్వేసి ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు విశ్రాంతి దినం. పొద్దున్నే ఇంజన్ ఆయన మాట ఖాయం చేసింది. ఎర్రసిరాతో రాసుకున్నాక, ఊరుకోలేక, దుర్గ ఇంతవరకూ ఆడిన ఆటలన్నీ తెరిచాడు. ఆరువందల పైచిలుకు. ఓడిపోతున్న స్థితిలో ఇలా కదలిక లేని డ్రాకు దారి ఉండీ ఆమె పట్టుకోని ఆటలు మరో రెండు దొరికాయి. పదిహేనో ఏట నాగపూర్‌లో ఒకటి, పదిహేడో ఏట కోల్‌కతాలో ఒకటి. ఆ దారి పట్టుకుని బయటపడిన ఆట ఒక్కటీ లేదు. మూడు ఉదాహరణల మీద సిద్ధాంతం కట్టకూడదని ఇరవయ్యేళ్ళు పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పినవాడే ఆయన. అయినా కట్టాడు. ఈ పిల్ల కంటికి ఈ ఒక్క రకం దారి కనబడదు. ఎందుకు కనబడదు?

కారణం తెలియనిదే మందు వేయలేమని, "ఏలూరులో చిన్న పనుందమ్మా, సాయంత్రానికి వచ్చేస్తాను" అని దుర్గకు చెప్పి రైలెక్కాడు. ఏలూరులో దిగి ఇంటికి పోకుండా కైకలూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఆలపాడు మీదుగా కొల్లేటికోట చేరేసరికి ఒంటిగంటయింది.

దుర్గకు చదరంగం నేర్పింది నాయనమ్మ పాపాయమ్మ. డెబ్బయి దాటినా, కొడుకు కౌలుకు చేస్తున్న చేపల చెరువు గట్టు మీద పగటి కాపలా ఆవిడదే. చిల్లులు పొడిచిన మేత సంచులు నీళ్ళలో కర్రలకు వేలాడుతున్నాయి. వాటి చుట్టూ చేపలు మూతులు పెట్టి నీటిని కదిలిస్తున్నాయి. ఆవిడ షెడ్డు నీడలో బల్లచెక్క ముందు పెట్టుకుని ఒంటరిగా రెండు వైపులా తనే ఆడుకుంటోంది. పావులు చెక్కవి, రంగు వెలిశాయి. పోయిన రెండు బంట్లకు బదులు మందు సీసా మూతలు నిలబెట్టింది.

"రండి మాస్టారూ. పిల్ల ఓడిపోయిందంటగా. ఒక్క ఆటకే అలిగి వచ్చేశారా?"

"అలగలేదమ్మా. ఇటు పనుండి వచ్చాను. మీతో ఒక ఆట ఆడదామని."

"నాతోనా? పెద్దచదువులోరు. ఓడిపోతే ఏలూరులో తలెత్తుకోలేరండీ, చూస్కోండి," అంటూనే ఆవిడ పావులు సర్దేసింది.

నాటు ఆట. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. కోట కట్టడం లేదు. రాజు జన్మానికి ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఈ సంగతులు నిత్యానందానికి పుస్తకాల్లో తెలుసు గాని చేతికి తెలియవు. ఇరవై ఎత్తులు తిరక్కుండా ఆవిడ ఆయన శకటునూ, ఒక ఏనుగునూ ఏరేసింది. ఇంకాసేపటికి, గుర్రం దూకుడు కూడా వాడేసిన రాజూ ఒక బంటూ తప్ప ఆయనకేమీ మిగల్లేదు. కావాలనే ఆయన రాజును మూలకు తీసుకుపోయి, బంటును ఆవిడ బంటుకు ఎదురుగా ఆపి, మంత్రిని ముందుకు రానిచ్చాడు. ఆవిడ మంత్రి వచ్చి నిలబడింది. ఆయనకు షా లేదు. కదలడానికి గడీ లేదు.

"ఇది డ్రా అమ్మా," అన్నాడు.

"డ్రా ఏంటి బాబూ?"

"నాకు ఎత్తు లేదు కదా."

"లేకపోతే ఊరుకోండి. నేను వేస్తాను." ఆవిడ తన గుర్రాన్ని తీసి దగ్గరకు పెట్టింది. "ఇప్పుడూ లేదా? పోనీ ఊరుకోండి." ఇంకో ఎత్తుకు ఆటకట్టు.

"ఇదెక్కడి రూలమ్మా?"

"మా నాన్న చెప్పిందే. ఎత్తు లేనోడు ఊరుకోవాలి, ఉన్నోడు ఆడుకోవాలి. కదల్లేకపోతే ఇద్దరూ సమానం అంటారేంటండీ? వల్లో చేప కదల్లేదని వలేసినోడు ఇంటికెళ్ళిపోతాడా?"

"దుర్గకీ ఇలాగే నేర్పారా?"

"మరెలాగ నేర్పుతానండీ. ఆరేళ్ళప్పుడు ఈ చెక్క మీదే. మీకు మజ్జిగివ్వనా, ఓడి అలిసిపోయుంటారు."

మజ్జిగ తాగి నిత్యానందం తిరుగు బస్సెక్కాడు. ఆయనకు లోపల ఒక పరిశోధకుడి సంతోషం కలిగింది. ఆ సంగతి కాదనలేం. చిన్నప్పుడు పడిన దారి. ఆరు నుంచి పన్నెండేళ్ళ దాకా ఆ పిల్ల ఆడిన ఆటలో, కదలిక లేకపోవడం మోక్షం కాదు, మరింత చావు. అక్కడికి పోయే దారుల్ని ఆమె మనసు చూడకముందే కొట్టేస్తోంది. నియమం తెలిసినా కన్ను మారలేదు. ఇంత చక్కగా అమరిన వివరణ అబద్ధమవుతుందన్న అనుమానం బస్సులో గాని రైల్లో గాని ఆయనకు రాలేదు.

మిగిలింది, చెప్పాలా వద్దా అన్నది. ఇంకా రెండే ఆటలున్నాయి. బురద గట్టు మీద అలవాటుగా నడిచిపోయేవాణ్ణి పిలిచి "నీ ఎడమ కాలు వంకర" అంటే ఆ అడుగే జారుతుంది. చెప్పకూడదు. చెప్పకుండా కాపాడాలి. మంత్రులు రెండూ బల్ల మీద ఉన్నంతసేపు, పావులు నిండుగా ఉన్నంతసేపు అలాంటి స్థితులు రావు. కాబట్టి అయిదో ఆటలో మంత్రికి మంత్రిని చంపి మార్చుకోకుండా, రాజు మీదికి దాడికి పోయే ఆరంభం ఎంచుకోవాలి. దుర్గ బలమంతా పావులు పలచబడ్డాక ఆడే ముగింపు ఆటలోనే ఉందన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఆ ఒక్క రోజుకు దాన్ని పక్కన పెట్టవచ్చుననుకున్నాడు.

సాయంత్రం ఆ ఆరంభాన్ని బల్ల మీద పెట్టి చూపించాడు. దుర్గ పావుల వైపు కాక ఆయన వైపు చూసింది.

"మంత్రుల్ని ఉంచేద్దామంటారా?"

"ఉంచితే మంచిదనిపిస్తోందమ్మా. ఇందుజకు దాడులంటే కొంచెం బెరుకు."

"ముగింపు దాకా పోవద్దంటారు."

"అలాగని కాదు. ఈసారికి."

"మీరెలాగంటే అలాగేనండీ," అంది. పావు దువ్వెనలా పట్టుకుని జుట్టు సర్దుకోవడం, ఆలోచిస్తూ బల్ల కింద కాలాడించడం, ఏ ఎత్తుకైనా "ఎందుకండీ" అని అడగడం ఆమె అలవాటు. ఆ సాయంత్రం ఒక్కసారి కూడా "ఎందుకండీ" అనలేదు. నిత్యానందం దాన్ని ఏకాగ్రత అనుకున్నాడు.

అయిదో ఆట ముప్పయ్యెనిమిది ఎత్తుల్లో డ్రా అయింది. దుర్గ దాడికి పోయింది; ఇందుజ కాచుకుంది. దుర్గ గుర్రాన్ని ఇచ్చి రాజు ముందరి బంట్లను చీల్చగలిగేది, గాని దానికి ఇందుజ దగ్గర సమాధానం ఉంది. దుర్గ అది చూసి మానుకుంది. చివరికి ఇద్దరి మంత్రులూ అవే గడుల మధ్య అటూ ఇటూ తిరిగి, ఒకే స్థితి మూడుసార్లు రావడంతో ఆట ఆగిపోయింది. మూడో వరుసలో కూర్చున్న నిత్యానందానికి దుర్గ ముఖంలో కష్టం గాని పశ్చాత్తాపం గాని కనబడలేదు. ఇందుజ మూడు, దుర్గ రెండు. ఇక మిగిలింది ఒక్క ఆట. అది నల్లపావులతో గెలిస్తేనే పోటీ సమానమై, అదనపు ఆటలకు పోతుంది.

పోటీ జరిగే రోజుల్లో పాపాయమ్మ మనవరాలికి ఊరికే ఫోన్ చేయదు. ఏ రోజు ఆట ఆ రోజు ముగిశాకే ఒక్కసారి చేస్తుంది. ఆ సాయంత్రం చేసింది. ఫోన్ పెట్టేసి దుర్గ లాడ్జి ఎదురుగా ఉన్న టీ బండి దగ్గరకు వచ్చింది. నిత్యానందం అక్కడ బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏలూరులో పని అయిందాండీ నిన్న?"

"అయిందమ్మా."

"మా నాయనమ్మ చేతిలో ఓడిపోవడమే పనాండీ?"

నిత్యానందం టీ గ్లాసు కింద పెట్టాడు.

"మజ్జిగ కూడా తాగారంట. మీ మాస్టారు పాపం చాలా మంచోడే, ఆటే కొంచెం తక్కువ, అని చెప్పింది." ఆమె పక్కనే కూర్చుంది. "ఎందుకెళ్ళారండీ?"

ఇక దాచడానికి వీల్లేక ఆయన మొత్తం చెప్పాడు. యాభై ఏడో ఎత్తు, నాగపూర్, కోల్‌కతా, నాటు ఆట నియమం, ఊరుకోవడం, కంటి అలవాటు. పాఠం చెప్పినట్టు వరసగా చెప్పాడు.  అంతా విని దుర్గ చిన్నగా నవ్వింది.

"నాగపూర్‌లో నాకు పదిహేనేళ్ళండీ. అప్పుడు నాకు చాలా కనబడేవి కావు."

"యాభై ఏడో ఎత్తు?"

"కనబడిందండీ."

"ఎప్పుడు?"

"ఏనుగుని వెనక్కి లాగి, గడియారం నొక్కి, చెయ్యి ఇంకా గడియారం మీదుండగానే. ఒక్క సెకను ముందు కనబడితే బావుణ్ణు. చేసేదేముంది. ముఖం కదపకుండా కూర్చున్నాను."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీకు కనబడలేదేమో, పోనీలే అనుకున్నాను. చెబితే మీకు నిద్ర పట్టదు. మెస్సులో చెబుదామనుకున్నాను. మీరు గోంగూరలో ఉప్పు గురించి మాట్లాడుతున్నారు."

"నువ్వు పప్పు గురించి."

"మీ ముఖం చూసే అన్నానండీ అది." ఆమె కాసేపు రోడ్డు మీద పోతున్న ఉల్లిపాయల లారీని చూసింది. "మర్నాడు మీరొచ్చి మంత్రుల్ని ఉంచెయ్యమంటే నాకర్థమైందనుకున్నాను. మాస్టారికి నా ముగింపు మీద నమ్మకం పోయింది, అందుకే అక్కడిదాకా పోనివ్వడం లేదు అని. మీకు అలా అనిపించిందంటే నిజమే అయ్యుంటుందనుకుని ఊరుకున్నాను."

"నేను నిన్ను కాపాడుతున్నాననుకున్నాను."

"నేనూ మిమ్మల్నే కాపాడుతున్నానండీ," అంది దుర్గ. ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే ఆయనకు కొంత సులువయ్యేది.

ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. పద్నాలుగేళ్ళుగా ఈ పిల్ల ఆడిన ప్రతి ఎత్తుకూ పక్కన ఏదో ఒకటి రాశాడు. అయిదో ఆటకు మర్నాడు ఎర్రసిరాతో రాయడానికి ఏమీ ఉండదని ఆయనకు ఇంజన్ పెట్టకుండానే తెలుసు. ముప్పయ్యెనిమిది ఎత్తుల్లో ఒక్కటీ తప్పు కాదు. మొత్తం ఆటే వేరేవాళ్ళది.

"రేపు నేనేమి ఆడాలో నేను చెప్పనా?" అంది దుర్గ.

"చెప్పు."

"ఎనిమిదో ఎత్తుకల్లా మంత్రులు మారిపోయే లైను. నల్లపావులతో అది డ్రాకు ఆడేదంటారందరూ. ఇందుజక్కకి డ్రా చాలు కాబట్టి కాదనదు. ఆ తరవాత నాకు నాలుగు గంటలు కావాలి."

"ఎందుకు" అని నిత్యానందం అడగలేదు. లేచి టీ డబ్బులిచ్చి, "పద, ఆ లైనులో ముప్పయ్యో ఎత్తు దాకా చూద్దాం" అన్నాడు.

ఆరో ఆట ఆమె చెప్పినట్టే నడిచింది. మంత్రులు ఎనిమిదో ఎత్తుకు వెళ్ళిపోయాయి. ముప్పయ్యో ఎత్తుకు ఇందుజ డ్రా ఇవ్వజూపింది. దుర్గ తల అడ్డంగా ఊపింది. నలభయ్యో ఎత్తుకు దుర్గకు ఒక బంటు ఎక్కువైంది. వేదిక కింద కూర్చున్నవాళ్ళు మంచినీళ్ళ సీసా మూత కూడా చప్పుడు కాకుండా తిప్పుతున్నారు. ఇందుజ చేతులు రెండూ చెంపలకు ఆనించుకుని బల్ల మీదికి వంగిపోయింది. యాభై రెండో ఎత్తుకు దుర్గ ఏడు నిమిషాలు ఆలోచించి బంటును ముందుకు తోసింది. ఇందుజ కుర్చీలో వెనక్కి వాలింది. ఆ తరవాత ఇంకా ముప్పయి ఎత్తులు దుర్గ వదలకుండా నొక్కింది గాని, చివరికి బల్ల మీద రెండు రాజులూ, ఎటూ పోలేని ఒక బంటూ మిగిలాయి. ఏడింపావుకు ఇద్దరూ చేతులు కలిపారు. మూడున్నర, రెండున్నర. ప్రపంచకప్పుకు ఇందుజ వెళుతుంది.

సంతకాలయ్యాక ఇద్దరూ ఆ బల్ల దగ్గరే కూర్చుని పావులు మళ్ళీ పెట్టి మాట్లాడుకున్నారు. ఇందుజ శిక్షకుడు ఈశ్వరప్రసాద్, నిత్యానందం చెరో పక్కా నిలబడ్డారు.

"నాలుగో ఆటలో ఆ ఏనుగు వచ్చి నా పక్కన కూర్చుంటుందేమోనని చచ్చాననుకో చెల్లీ," అంది ఇందుజ.

"నీకూ కనబడిందా అక్కా?"

"నువ్వు కదపక ముందే. నీ ముఖంలోకి చూస్తే ఎక్కడ పసిగడతావోనని పైన ఫ్యాను చూస్తూ కూర్చున్నాను. ఆ రాత్రి ప్రసాద్ గారికి చెబితే ఈయన నన్ను మర్నాడు పొద్దున్న ఆరింటి నుంచి ముగింపులే ఆడించారు. రాజూ ఏనుగూ, రాజూ ఏనుగూ. నాకు కళ్ళు తిరిగాయి."

"ఎలాగూ దుర్గ అక్కడికే లాగుతుందనుకున్నామండీ," అన్నాడు ఈశ్వరప్రసాద్ నిత్యానందంతో. "అయిదో ఆటలో మంత్రులుంచేసరికి మా ఇందుజ బాత్‌రూమ్‌కెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. బతికిపోయామనుకున్నాం. మీరెందుకలా చేశారో ఇప్పటికీ అర్థం కాలేదండీ."

"అది నా ఆలోచన," అన్నాడు నిత్యానందం. 

రాత్రి బండికి ఏలూరు బయలుదేరారు. దుర్గకు కిటికీ పక్క సీటు దొరికింది, ఎదురుగా ఆయన కూర్చున్నాడు. బండి ఉంగుటూరు దాటింది. ఒకావిడ జామకాయలు అమ్ముకుంటూ వస్తే దుర్గ రెండు కొని, ఒకటి ఆయనకిచ్చింది.

నిత్యానందం ఆ కాయను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఇవాళ మూడో వరుసలో కూర్చున్నప్పుడు ఆయనకు ఒకటి కనబడింది. నోటు పుస్తకంలో ఇంకా రాయలేదు. ఇంజన్‌తో సరిచూడలేదు. ఓడిపోయి రెండు గంటలు కాలేదు. ఏ లెక్కన చూసినా అది చెప్పదగిన వేళ కాదు.

"యాభై రెండో ఎత్తు, దుర్గా."

ఆమె జామకాయ కొరకబోయి ఆగింది.

"నేను సరిచూడలేదు. పొరపాటు కావచ్చు. కాని బంటును తోయకుండా రాజును ఒక్క గడి వెనక్కి తీసుంటే గెలిచేదానివనుకుంటున్నాను."

"వెనక్కా?"

"వెనక్కి, నీ ఎడమవైపు. ఎత్తు వేయాల్సిన వంతు ఆవిడ మీదికి పోయేది. ఆవిడ దగ్గర వేయదగ్గ ఎత్తు ఒక్కటీ లేదు. ఏది కదిపినా ఏదో ఒకటి వదిలెయ్యాలి."

దుర్గ కిటికీ మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. వేలితో ఒళ్ళో గడులు లెక్కపెడుతోంది. రైలు చేబ్రోలులో ఆగి, ఎవరో ఎక్కి, ఎవరో దిగి, మళ్ళీ కదిలింది.  మాట వెనక్కి తీసుకోవాలని గాని, దాని మీద కాస్త ఓదార్పు పూయాలని గాని నిత్యానందానికి ఒక క్షణం అనిపించింది. ఊరుకున్నాడు.

ఆమె కళ్ళు తెరిచింది. అంచుల్లో తడి ఉంది, తుడుచుకోలేదు.

"నిజమేనండీ," అంది. "ఇది నాకు అస్సలు కనబడలేదు. గడియారం నొక్కాక కూడా."

"అవును."

"వెళ్ళేదాన్నేమో అయితే."

"అదనపు ఆటలుండేవి. అవి గెలిస్తే వెళ్ళేదానివి."

దుర్గ తల ఊపింది. చీకట్లో ఏమీ కనబడని పొలాల వైపు కాసేపు చూసి, ఆయన వైపు తిరిగింది. కాలు సీటు కింద మెల్లగా ఆడడం మొదలుపెట్టింది.

"రాజు వెనక్కి తీశాక ఇందుజక్క ఏనుగుని అడ్డం తెస్తేనో?" అంది. "అప్పుడు నేనేం వెయ్యాలండీ? ఎందుకు?"